వైట్ ప్రైమర్ కొడితే బొమ్మలన్నీ రవ్వ రవ్వ: ఏ స్ప్రే కొనాలి?

మేడమీద కుంచె (హైదరాబాద్), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతికి అమ్మ పెట్టే బొమ్మల కొలువులో ఈసారి ఒక మెట్టు నాకు ఇమ్మని అడిగి మాట తీసుకున్నాను. ఊరి సంత పెడతానని చెప్పాను. ఎడ్ల జత, సోడా బండి, భుజాన మలారం వేసుకున్న గాజులావిడ, చిలక జోస్యం ఆయన, తూకం రాళ్ళతో కూరగాయలావిడ. మొత్తం 24 బొమ్మలు. 32 మి.మీ. స్కేలులో 3డి ప్రింటర్ మీద రెసిన్ ప్రింట్లు తీయించాను. జూలైలోనే మొదలుపెట్టాను కదా, జనవరికి హాయిగా అయిపోతుందనుకున్నా.

ఈ రోజు పొద్దున ఏడింటికి మేడ మీదికి తీసుకెళ్ళి మొదటి 11 బొమ్మలకి వైట్ స్ప్రే ప్రైమర్ (రంగులకి ముందు వేసే అడుగు పూత) కొట్టాను. ఆరాక చూస్తే ఒంటి నిండా బొంబాయి రవ్వ చల్లినట్టుంది. గాజులావిడ ముఖంలో ముక్కూ నోరూ ఏకమైపోయాయి. ఎడ్లకి మాత్రం రవ్వతో పాటు వీపు మీద బూజు పట్టినట్టు మచ్చలు కూడా వచ్చాయి.

ఏప్రిల్‌లో ఇదే కంపెనీ బ్లాక్ కొడితే నున్నగా వచ్చింది. అందుకే బుర్ర పాడవుతోంది. వైట్‌కి మంచి డబ్బా ఏదో, ఇక్కడ దొరికేది చెప్పండి. కంపెనీ పేరు రాయడం లేదు, తప్పు వాళ్ళదో నాదో ఇంకా తేలలేదు.

ఆటోనగర్ బుల్లోడు (విజయవాడ), శనివారం రాత్రి 10:05

బ్రాండ్ సంగతి తర్వాత తమ్ముడూ. ముందు నాలుగు ముక్కలు చెప్పు. ఎంత దూరం నుంచి కొట్టావు? గాలి ఉందా? డబ్బా ఎంతసేపు ఊపావు? కొట్టే ముందు బొమ్మలు ఎక్కడున్నాయి?

కొత్తగా వచ్చా (కర్నూలు), శనివారం రాత్రి 10:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. వైట్ పెయింట్, వైట్ ప్రైమర్ ఒకటే కాదా? మామూలు తెల్ల స్ప్రే కొట్టేస్తే పోదూ?

మేడమీద కుంచె, శనివారం రాత్రి 10:31

అన్నా, దూరం ఒక మూరెడు ఉంటుంది. దగ్గర పెడితే కారిపోతుందని భయపడ్డా. గాలి కొంచెం ఉంది, వాన వచ్చేలా ఉంది కానీ రాలేదు. ఊపడమంటే లోపల గోలీ చప్పుడు వినపడేదాకా ఊపి ఆపేశా, అర నిమిషం అనుకోండి. బొమ్మలు రాత్రంతా నా గదిలో బల్ల మీదే ఉన్నాయి. ఏసీ 22లో ఉంది. ఎందుకు?

ఆటోనగర్ బుల్లోడు, శనివారం రాత్రి 11:12

అయితే డబ్బా తప్పేం లేదు. నీకు రెండు జబ్బులున్నాయి, రెండూ వేరు.

రవ్వని మా షెడ్డులో డ్రై స్ప్రే అంటాం. డబ్బాలోంచి వచ్చే తుంపర తడిగా వెళ్ళి వస్తువు మీద పడాలి. పడ్డాక ఆ తడిలోనే చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి పొరగా పరుచుకోవాలి. నువ్వు మూరెడు దూరంలో నిలబడి, పైగా గాలిలో కొట్టావు. తిన్నర్ దారిలోనే ఎగిరిపోయింది. బొమ్మ మీద పడింది పెయింట్ కాదు, ఎండిపోయిన పొడి. జానెడు దూరం పెట్టు. నీ జాన పెద్దదైతే అంతే చాలు, చిన్నదైతే ఇంకో రెండు వేళ్ళు కలుపుకో. 20 నుంచి 25 సెం.మీ. అన్నమాట.

బూజు వేరే సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసా బయట పెడితే చెమట పడుతుంది కదా? ఏసీ గదిలోంచి వానాకాలం మేడ మీదికి తెచ్చిన బొమ్మకీ అదే జరుగుతుంది. కంటికి కనపడదు, కానీ తడి ఉంటుంది. దాని మీద కొట్టావు. పైగా తిన్నర్ ఆవిరయ్యేటప్పుడు వస్తువుని ఇంకాస్త చల్లబరుస్తుంది, ఇంకాస్త చెమ్మ లాగుతుంది. కార్ల మీద లాకర్ (ఘాటు తిన్నర్‌తో చేసిన పెయింట్) కొట్టేటప్పుడు ఇలా మసకబారితే బ్లషింగ్ అంటారు. ఎడ్లకే ఎందుకు వచ్చిందంటావా, అవి లావుగా ఉంటాయి, చల్లదనం ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి. సన్నటి మనుషులు మెట్లెక్కేలోపే వేడెక్కి ఉంటారు.

కర్నూలు తమ్ముడికి: ఒకటి కాదు. ప్రైమర్ పని పట్టుకోవడం. కింద ప్లాస్టిక్‌నీ పట్టుకోవాలి, పైన వేసే రంగునీ పట్టుకోవాలి. మామూలు మెరుపు తెల్ల పెయింట్ కొడితే నున్నగా మెరుస్తుంది, దాని మీద నీళ్ళ రంగు తామరాకు మీద చుక్కలా జారుతుంది.

భీమిలి బీచ్ (విశాఖ), ఆదివారం ఉదయం 6:50

బుల్లోడు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. బ్లాక్ బాగా వచ్చి వైట్ చెడిపోవడానికి కారణం రంగులోనే ఉంది. తెల్ల రంగంటే టైటానియం డయాక్సైడ్. నీళ్ళ కంటే నాలుగు రెట్లు బరువు. నల్ల రంగుకి వాడే కార్బన్ దాని సగం బరువు కూడా ఉండదు, పైగా చిటికెడు వేస్తే చాలు, అంతా కప్పేస్తుంది. తెలుపు కప్పాలంటే డబ్బాలో పొడి దండిగా వేయాలి. ఆ దండి పొడి అంతా అడుక్కి దిగి గట్టిపడుతుంది. మీరు గోలీ కదలగానే ఆపేశారు. అసలు లెక్క అక్కడి నుంచే మొదలు. గోలీ ఫ్రీగా మోగడం మొదలయ్యాక ఇంకో రెండు మూడు నిమిషాలు ఊపాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి.

ఇంకోటి, నల్ల పొర మీద నల్ల రవ్వ పడినా నీడలో కలిసిపోతుంది. తెల్లటి దాని మీద ప్రతి గింజా తన నీడతో సహా కనపడుతుంది.

(సందర్భం కాదు గానీ, ఆ టైటానియం వచ్చే ఇల్మనైట్ ఖనిజం మా భీమిలి ఇసుకలోనే ఉంది. నల్లగా ఉంటుంది. నల్ల ఇసుకలోంచి తెల్ల రంగు తీస్తారంటే మా అబ్బాయి నమ్మడు.)

చెమ్మ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి కొనుక్కోండి. 70 శాతం దాటితే నేను డబ్బా ముట్టుకోను. మా ఊళ్ళో ఆ లెక్కన ఏడాదిలో చాలా రోజులు ముట్టుకోకూడదు, అది వేరే బాధ. వానాకాలంలో పొద్దున ఏడింటికి మాత్రం కొట్టకండి, చెమ్మ ఎక్కువగా ఉండేది అప్పుడే. తెరిపి ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్య చూసుకోండి.

ఫ్రిస్కో బాబాయ్ (టెక్సస్), ఆదివారం ఉదయం 8:15

నేను 1/72 స్కేలులో విమానాల నమూనాలు చేస్తాను, మనుషుల బొమ్మలు తక్కువ. అయినా వైట్ ప్రైమర్ అంటే నా ఓటు ఒక్కదానికే: టమియా ఫైన్ సర్ఫేస్ ప్రైమర్, వైట్. 180 మి.లీ. చిన్న డబ్బా. తుంపర ఎంత సన్నగా వస్తుందంటే రివెట్లు కూడా పూడవు. దాని తర్వాత మిస్టర్ హాబీ వాళ్ళ మిస్టర్ వైట్ సర్ఫేసర్ 1000. ఆ అంకెని ఎమ్రీ కాగితం నంబరులా చూసుకోండి, పెరిగేకొద్దీ నునుపు. ఈ రెండూ లాకర్ జాతివే, వాసన ఘాటు.

సిటడెల్ కంపెనీలో కావాలంటే వైట్ స్కార్ అని స్వచ్ఛమైన తెలుపు ఉంది. కానీ 2019లో కాంట్రాస్ట్ అనే పారదర్శక రంగులు తెచ్చినప్పుడు వాటి కోసం వాళ్ళు పెట్టిన స్ప్రేలు రైత్‌బోన్, గ్రే సీర్. ఒకటి ఎముక రంగు, ఒకటి లేత బూడిద. రెండిట్లో ఏదీ మల్లెపూవు తెలుపు కాదు, గమనించావా?

మేడమీద కుంచె, ఆదివారం ఉదయం 9:02

బాబాయ్ గారూ, డిసెంబర్‌లో ఇండియా వస్తున్నారా? వస్తే రెండు టమియా డబ్బాలు... డబ్బులు అడ్వాన్స్‌గా పంపిస్తా 🙏

ఫ్రిస్కో బాబాయ్, ఆదివారం ఉదయం 9:20

వస్తున్నాను, తేలేను. స్ప్రే పెయింట్ విమానంలో చేతి సంచిలోనూ ఒప్పుకోరు, చెక్-ఇన్‌లోనూ ఒప్పుకోరు. లోపల మండే గ్యాసు ఉంటుంది. పచ్చళ్ళు ఇటు తెచ్చినట్టు ఇవి అటు తేవడం కుదరదు. మీ దగ్గర హాబీ షాపులు ఆన్‌లైన్‌లో అమ్ముతాయి, కాకపోతే రోడ్డు మీదుగానే వస్తాయి, ఆలస్యం. నీళ్ళతో చేసిన వయేహో (Vallejo) కంపెనీ ప్రైమర్ సీసా అయితే అడుగు, నా బట్టల మధ్య చుట్టి తెస్తా.

రెసిన్ రమణి (బెంగళూరు), ఆదివారం ఉదయం 11:30

డబ్బాల గురించి ఇంత మాట్లాడారు, బొమ్మ గురించి ఎవరూ అడగలేదు. కుంచె గారూ, ప్రింట్ తీసినవాళ్ళు బొమ్మల్ని ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లో కడిగి యూవీ దీపం కింద పూర్తిగా క్యూర్ చేసి, అంటే గట్టిపరిచి, ఇచ్చారా? గోరుతో గీస్తే జిడ్డుగా ఉందా? సరిగ్గా క్యూర్ కాని రెసిన్ మీద ఏ దేశపు ప్రైమర్ కొట్టినా వారం తర్వాత కూడా వేలికి అంటుకుంటూనే ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ కిట్ అయితే గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి ఊడి రావడానికి రాసిన జిడ్డు ఇంకా ఉంటుంది.

రెండోది మాస్క్. కరోనాలో మిగిలిన గుడ్డ మాస్క్ పనికిరాదు, ఎన్95 కూడా దుమ్మునే ఆపుతుంది, తిన్నర్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నది కొనండి. ఒకసారి కొంటే చాలాసార్లు వస్తుంది.

నేను స్ప్రే డబ్బాలు మానేసి రెండేళ్ళయింది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే చిన్న గన్ను)తో వయేహో సర్ఫేస్ ప్రైమర్ వైట్ కొడతాను. వాసన దాదాపు ఉండదు, వానాకాలంలోనూ బాల్కనీలో నడుస్తుంది. ఇబ్బంది ఒక్కటే, అది పాలియురెథేన్. ఒక రోజంతా ఆరనివ్వాలి, ఆరాక ఎమ్రీ కొడితే పొరలు పొరలుగా లేస్తుంది. కాబట్టి గీతలూ గుంటలూ ముందే సరిచేసుకోవాలి.

ఆటోనగర్ బుల్లోడు, ఆదివారం మధ్యాహ్నం 1:10

24 బొమ్మల కోసం కంప్రెసరూ ఎయిర్‌బ్రష్షూ కొనమంటారా అమ్మా 😀 రాణిగంజ్ వెళ్తే కారు ప్రైమర్ స్ప్రే దొరుకుతుంది. పెద్ద డబ్బా, హాబీ డబ్బా ధరలో నాలుగో వంతు. బంపర్ల మీద రాళ్ళ దెబ్బలకే నిలబడుతుంది, కొలువులో కూచునే బొమ్మ మీద నిలబడదా?

ఫ్రిస్కో బాబాయ్, ఆదివారం మధ్యాహ్నం 1:45

నిలబడుతుంది బుల్లోడూ, గొడవ అది కాదు. కారు ప్రైమర్ గీతలు పూడ్చడానికి చేసింది. బంపర్ మీద గీత పూడితే సంతోషం. గాజులావిడ పెదాలు పూడితే? అందులోని తిన్నర్ పాలిస్టైరీన్‌ని, అంటే కిట్లు చేసే ప్లాస్టిక్‌ని, కరిగిస్తుంది కూడా. రెసిన్‌కి పర్లేదు, ప్లాస్టిక్ కిట్‌కి పెట్టావంటే కిట్ పోయినట్టే.

ఆటోనగర్ బుల్లోడు, ఆదివారం మధ్యాహ్నం 1:52

పల్చగా కొడితే పూడదు. కొట్టేవాడి చేతిలో ఉంటుంది.

ఫ్రిస్కో బాబాయ్, ఆదివారం మధ్యాహ్నం 1:58

నీ చేతిలో ఉంటుంది. నువ్వు రోజూ గన్ను పట్టుకునేవాడివి. ఆ అబ్బాయి చేతిలో మూరెడు దూరం ఉంది.

పొణికి (ఇబ్రహీంపట్నం, ఎన్టీఆర్ జిల్లా), ఆదివారం సాయంత్రం 5:40

చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ గొడవ మా పక్కనే కొండపల్లిలో ఎప్పటి నుంచో ఉన్నదే. అక్కడా బొమ్మ చేశాక ముందు తెల్లగా చేస్తారు. తెల్ల పొణికి కర్రని తడి పోయేదాకా సెగ మీద ఆరబెట్టి చెక్కుతారు. కాళ్ళూ చేతులూ విడివిడిగా చేసి మక్కుతో అతికిస్తారు. మక్కంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. అతుకులు నున్నగా చేశాక సున్నం పూత వేస్తారు. రంగులన్నీ ఆ తెలుపు మీదే. చెరియాల బొమ్మల పటాలకీ అంతే, గుడ్డ మీద సుద్ద పట్టించాకే గీత మొదలు.

మా ఇంటి ఎదురుగా ఒక పెద్దాయన ఉండేవారు. సున్నం పూత వేసిన దశావతారాల సెట్టు వరండాలో పెట్టి, వేలి గోటితో ఒక్కో బొమ్మ వీపు గీసి చూసేవారు. గోటికి పొడి అంటితే పక్కన పెట్టేసేవారు. ఇంకా తడి ఉన్నదో, సున్నం చిక్కగా పడిందో, ఏదో ఒకటి. ముసురు పట్టిన రోజుల్లో బొమ్మలు చెక్కుతారు గానీ పూత వేయరు అనేవారు. మీకు డబ్బాలో గోలీ వచ్చింది, అంతే తేడా.

రెసిన్ రమణి, ఆదివారం సాయంత్రం 6:15

ఇది చాలా బాగుంది పొణికి గారూ, దాచుకుంటున్నా.

కుంచె గారూ, అసలు ఏ రంగులు వేయబోతున్నారు? అది చెప్పకుండా వైట్ కావాలంటే ఎలా? కాంట్రాస్ట్, స్పీడ్‌పెయింట్ లాంటి పారదర్శకమైన రంగులైతే కింద తెలుపు ఉండాల్సిందే. పసుపు, ఎరుపు, నారింజ కూడా తెలుపు మీదే వెలుగుతాయి, నలుపు మీద వేస్తే పసుపు పాచి రంగులోకి దిగుతుంది. మామూలు చిక్కటి ఆక్రిలిక్ అయితే గ్రే చాలు. గ్రే మీద ముడతలూ గుండీలూ కంటికి బాగా ఆనుతాయి, తెలుపులో కళ్ళు చెదిరి ఏదీ కనపడదు.

మేడమీద కుంచె, ఆదివారం రాత్రి 8:30

రమణి గారూ, క్యూర్ బాగానే అయింది, జిడ్డు లేదు. చీరలకీ తలపాగాలకీ స్పీడ్‌పెయింట్, ఎడ్లకి మామూలు ఆక్రిలిక్.

అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. "బొమ్మల మీద కాదు, ముందు ఏదైనా చెత్త మీద కొట్టి చూడు" అంది. కర్రీ పాయింట్ వాడిచ్చిన ప్లాస్టిక్ స్పూన్లు డ్రాయర్ నిండా ఉన్నాయి. శనివారం ఎండ వస్తే వాటి మీద కొడతా.

మేడమీద కుంచె, తర్వాతి శనివారం సాయంత్రం 4:50

రిపోర్ట్. మీటర్ కొన్నాను. మధ్యాహ్నం రెండింటికి 58 శాతం చూపించింది. స్పూన్లు రెండు గంటలు మేడ గదిలోనే ఉంచాను, ఏసీ లేదు. డబ్బా పాతదే, గడియారం పెట్టి మూడు నిమిషాలు ఊపాను.

మొదటి స్పూన్, నాలుగు వేళ్ళ దూరం: పాలమీగడలా చిక్కగా పడి, కిందికి జారి, స్పూన్ మొన దగ్గర బొట్టు కట్టింది. ఆరాక ఆ బొట్టు అంచు చుట్టూ సాలెగూడులా ముడత.

రెండోది, జానెడు: కొట్టగానే తడిగా మెరిసింది, ఓ ఇరవై సెకన్లలో మెరుపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ మాయమైంది. వేలితో రాస్తే కోడిగుడ్డు పెంకులా ఉంది.

మూడోది, మూరెడు: పడుతున్నప్పుడే పొడి. మెరుపు అసలు రాలేదు. వేలితో రాస్తే తెల్లటి పిండి అంటింది.

అంటే తప్పు నాదే. డబ్బా కంపెనీ పేరు రాయనందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

బుల్లోడు అన్న చెప్పిన కారు ప్రైమర్ కూడా ఒకటి తెచ్చి నాలుగో స్పూన్ మీద కొట్టా. రెండు నిమిషాల్లో స్పూన్ గుంటలో పగుళ్ళు పాకాయి, చిన్న చిటుక్కుమన్న శబ్దం కూడా వచ్చింది. రెసిన్ ముక్క మీద మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఇద్దరూ గెలిచారు.

ఇప్పుడు చెడిపోయిన ఆ 11 బొమ్మల సంగతేంటి?

ఆటోనగర్ బుల్లోడు, శనివారం సాయంత్రం 5:30

ఆ మెరుపు చూశావు చూడు, అదే గుర్తు. తడిగా మెరిసి మాయమవ్వాలి. దూరం లెక్కలు మర్చిపోయినా పర్లేదు, అది మర్చిపోకు. బొమ్మకి పక్కన ఖాళీలో నొక్కడం మొదలుపెట్టి, బొమ్మని దాటాక వదులు. బొమ్మ మీద ఉండగా నొక్కితే మొదటి ఉమ్ము దాని మీదే పడుతుంది. మూడు పల్చటి పూతలు, మధ్యలో పది నిమిషాలు. డబ్బా చల్లబడి తుంపర ఆగి ఆగి ఉమ్మినట్టు వస్తుంటే ఆపి, చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచు. వేడి నీళ్ళు కాదు, స్టవ్ దగ్గర అసలే కాదు. అయిపోయాక డబ్బా తిరగేసి ఉత్త గ్యాసు వచ్చేదాకా నొక్కి పెట్టు, నాజిల్ మూసుకుపోదు.

రవ్వ పట్టిన వాటిని పారేయకు. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా రుద్దు, పైపైన అంటిన పొడి చాలావరకు రాలుతుంది.

భీమిలి బీచ్, శనివారం సాయంత్రం 6:10

రాలని వాటికి డెట్టాల్. అవును, ఆ బ్రౌన్ డెట్టాలే. ఇంగ్లండ్‌లో సైనికుల బొమ్మలు చేసేవాళ్ళ పాత చిట్కా ఇది. నీళ్ళు కలపకుండా ఒక రోజు నానబెట్టి, గ్లవ్స్ వేసుకుని, బ్రష్‌తో రుద్దండి. ఆ రుద్దడం కూడా డెట్టాల్‌లోనే చేయాలి. మొదట్లోనే నీళ్ళ కింద పెట్టారో, ఊడిన పెయింటంతా బంకలా మారి మళ్ళీ బొమ్మకే పడుతుంది. రెసిన్ కాబట్టి ముందు ఒక్క బొమ్మతో ప్రయత్నించండి.

మేడమీద కుంచె, రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:15

టూత్‌బ్రష్‌తో ఏడు బయటపడ్డాయి. నాలుగు డెట్టాల్‌కి వెళ్ళాయి. ఇల్లంతా ప్రభుత్వాసుపత్రి వాసన, నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు. నాలుగూ బతికాయి, చిలక జోస్యం ఆయన పంజరం ఊచ ఒకటి మాత్రం విరిగింది.

చివరికి ఇలా చేశాను. మొత్తం 24కి కారు గ్రే ప్రైమర్ పల్చగా, రెండు పూతలు. దాని మీద పాత వైట్ డబ్బాతో పైనుంచి మాత్రమే, నడినెత్తిన ఎండ పడినట్టు. ముఖాలూ భుజాలూ తలపాగాలూ తెల్లగా వచ్చాయి, గడ్డం కిందా కొంగు మడతల్లోనూ గ్రే మిగిలింది. గాజులావిడకి మళ్ళీ పెదాలు వచ్చాయి. మలారంలో గాజుల వరసలు కూడా లెక్కపెట్టగలుగుతున్నాను.

అమ్మ చూసి, "ఇలాగే బాగున్నాయి కదరా, రంగులెందుకు?" అంది. ఫోటోలు పెడుతున్నా.

ఆటోనగర్ బుల్లోడు, ఆదివారం రాత్రి 9:40

బాగుంది తమ్ముడూ. ఎడమవైపు ఎద్దు పొట్ట కింద చూసుకో. అక్కడ గ్రే కూడా పడలేదు, రెసిన్ కనిపిస్తోంది.

మేడమీద కుంచె, ఆదివారం రాత్రి 9:44

ఇప్పుడే తిప్పి చూశా. నిజమే. బయట వాన పడుతోంది, మీటర్ 91 అంటోంది.